ముందు సీటు

షార్జాలో కాపురం ఉంటూ దుబాయ్‌లో ఉద్యోగం చేసేవాళ్ళకి కార్ లిఫ్ట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పాలి. కారున్న ఒకాయన పొద్దున్నే తన దారిలో ఉన్న ముగ్గుర్నో నలుగుర్నో ఎక్కించుకుని ఆఫీసుకి చేరుస్తాడు. సాయంత్రం మళ్ళీ దింపుతాడు. అందులో ఎవరూ రాసిపెట్టని మర్యాద ఒకటుంది. కారులో ఆడమనిషి ఒక్కతే ఉంటే ముందు సీటు ఆమెకి వదిలేస్తారు, వెనక మగవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చునే పని లేకుండా. మొదటి రోజు నాకు ఆ సీటు ఇచ్చినప్పుడు, నిజం చెప్పాలంటే, నేను మురిసిపోయాను.

నేను పనిచేసేది ఒక ప్రైవేటు యూనివర్సిటీలో, పరీక్షల విభాగంలో. ఊరికి దూరంగా, ఎడారి అంచున ఉంటుంది మా క్యాంపస్. ప్రశ్నపత్రాలు భద్రపరచడం, హాళ్ళు కేటాయించడం, ఇన్విజిలేటర్లకి డ్యూటీలు వెయ్యడం నా పని. ప్రతి సెమిస్టర్ మొదట్లో ఇన్విజిలేటర్లని కూర్చోబెట్టి నేనే పాఠం చెప్తాను. హాల్లో ఏదైనా తప్పు జరిగితే అరగంటలోగా కాగితం మీద పెట్టాలి, చూసింది చూసినట్టు రాయాలి, జాలిపడి వదిలెయ్యకూడదు, భయపడి తగ్గించి రాయకూడదు. పదేళ్ళుగా ఈ మాటలు చెప్తున్నాను. బాగా చెప్తానని పేరు కూడా ఉంది.

కోవిడ్ వచ్చిన ఏడాది మా ఆయన ఉద్యోగం పోయింది. ఆయన వీసా రద్దవుతుంటే, ఆయన్నీ మా అమ్మాయినీ నా వీసా మీదకి మార్చుకున్నాం. అంటే ఇంట్లో ముగ్గురం ఈ దేశంలో ఉండాలా, పెట్టె సర్దుకోవాలా అన్నది నా ఉద్యోగం మీద ఆధారపడింది. అదే వేసవిలో మా ఆఫీసులో కూడా కోతలు మొదలయ్యాయి. మా విభాగంలో ఐదుగురం ఉంటే ఇద్దరం మిగిలాం. నేను మిగలడానికి కారణం ఒక ప్రొఫెసర్.

ఆయన ఒక శాఖకి అధిపతి. యాభై ఐదు దాటిన మనిషి. మాది తెనాలి వైపు, ఆయనది గోదావరి జిల్లా. ఇక్కడ తెలుగువాళ్ళకి ఏ అవసరం వచ్చినా ముందు ఫోన్ వెళ్ళేది ఆయనకే. పిల్లలకి స్కూల్లో సీటు కావాలన్నా, లేబర్ క్యాంపులో ఎవరైనా చనిపోతే శవాన్ని ఊరికి పంపాలన్నా ఆయన కదలాలి. కోతల కమిటీలో ఆయన ఉన్నాడు. నా గురించి ఒక మాట చెప్పాడని తర్వాత తెలిసింది. అందరి ముందూ నన్ను చెల్లెమ్మా అనే పిలిచేవాడు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా చెయ్యి దానంతటదే ‘పిలిచేవారు’ అని రాస్తోంది. కొట్టేసి మార్చుకుంటున్నాను.

మరుసటి సంవత్సరం సెప్టెంబర్లో క్యాంపస్ మళ్ళీ తెరిచారు. స్టాఫ్ బస్సు మాత్రం ఎత్తేశారు. ఆయన ఉండేది మా బిల్డింగ్‌కి రెండు వీధుల అవతల. నువ్వు వేరే చూసుకోవడం ఏమిటి చెల్లెమ్మా, మన కారుంది కదా అన్నాడు. మా ఆయన కూడా అమ్మయ్య అనుకున్నాడు. పొద్దున మొదట నన్ను ఎక్కించుకునేవాడు. లైబ్రరీలో పనిచేసే ఆయనా, అకౌంట్స్ ఆయనా అవతల రోడ్డు మీద ఎక్కేవారు. అక్కడికి చేరడానికి ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు పట్టేది.

ఆ ఇరవై నిమిషాల గురించే నేను చెప్పాలి. మొదట సీటు బెల్టుతో మొదలైంది. నేను పెట్టుకునేలోపే ఆయన చెయ్యి నా మీదుగా వచ్చేది, ఇది కొంచెం బిగుసుకుంటుందమ్మా అంటూ. తర్వాత గేరు దగ్గర చెయ్యి. ఆటోమేటిక్ కారది, గేరుతో ఆయనకేం పని? ఆ చెయ్యి జారి నా మోకాలి మీద పడేది. సారీ అమ్మా అనేవాడు. రోజూ పడేది, రోజూ సారీ. నేను హ్యాండ్‌బ్యాగు తీసి రెండు సీట్ల మధ్య అడ్డంగా పెట్టుకోవడం మొదలుపెట్టాను. మర్నాడు ఆయన దాన్ని తీసి వెనక సీట్లో పెట్టి, హాయిగా కూర్చో చెల్లెమ్మా అన్నాడు. ఆ తర్వాత సారీలు కూడా ఆగిపోయాయి. మిగతా ఇద్దరూ ఎక్కే మలుపు రాగానే రెండు చేతులూ స్టీరింగ్ మీదకి వెళ్ళిపోయేవి, క్రికెట్ గురించి మాట్లాడుతూ ఉండేవాడు.

నేను ఎనిమిది నెలలు ఆ సీట్లో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నావని అడిగేవాళ్ళకి నా దగ్గర ఒకటే జవాబుంది. మా ఆయన ముందుగదిలో కూర్చుని రోజుకి పది చోట్లకి బయోడేటాలు పంపుతున్నాడు. చెప్తే ఆయన ఊరుకోడు. ఆయన గొడవకి వెళ్తే నా ఉద్యోగం పోతుంది, దాంతో ముగ్గురి వీసాలూ పోతాయి. ఈ లెక్క నేను రోజూ పొద్దున ఆ కారెక్కే ముందు వేసుకునేదాన్ని. ఒంటి మీద చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఆఫీసుకి వెళ్ళగానే బాత్రూమ్‌లో చేతులు కడుక్కునేదాన్ని, ముట్టుకున్నది నేను కాకపోయినా.

ఎండలు ముదిరే వేళకి మా ఆయనకి ఉద్యోగం దొరికింది. ఆయన వీసా మారిన వారంలోనే నేను కారు మానేశాను. మా అమ్మాయి స్కూలు టైమింగులు మారాయండీ, కుదరడం లేదు అని చెప్పాను. ప్రొఫెసర్ నా వంక చూసి నవ్వాడు. నీ ఇష్టం అమ్మా అన్నాడు. షార్జా నుంచి బస్సు, అక్కణ్ణుంచి మెట్రో, మళ్ళీ ఇంకో బస్సు. గంటన్నర ఎక్కువ ప్రయాణం. అయినా బస్సులో నిలబడి నిద్రపోయేంత హాయిగా ఉండేది. ఖలాస్, అయిపోయింది అనుకున్నాను. అయిపోయింది నాకు మాత్రమేనన్న ఆలోచన అప్పుడు రాలేదు. రాలేదని రాస్తున్నాను గానీ, రానివ్వలేదు అనడమే సరి.

నా తర్వాత ఆ సీట్లో కూర్చున్న అమ్మాయి సంగతికి రావాలంటే ముందు వాళ్ళ నాన్న గురించి చెప్పాలి. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక అల్యూమినియం ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. కొన్నేళ్ళ క్రితం మా పరీక్ష హాలుకి పార్టిషన్లు బిగించడానికి వచ్చిన జట్టులో ఆయనొకడు. నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే నిచ్చెన మీద నుంచే, మీరు తెలుగోళ్ళా చెల్లె అని అడిగాడు. అలా మొదలైంది పరిచయం. అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు, ఎక్కువగా కూతురి చదువు గురించి. ఆ పిల్ల హైదరాబాద్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసింది. మా యూనివర్సిటీలో ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు పడితే దరఖాస్తు నేనే నింపించాను. సొంత ప్రతిభతోనే ఎంపికైంది. ఆ రోజు వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు.

“నేను కార్డు మెడలేస్కోని లేబర్ బస్సుల పోతి చెల్లె. నా బిడ్డ కార్డు మెడలేస్కోని యూనివర్సిటీల పోతది. మీరున్నరు గద ఆడ, ఇగ నాకేం ఫికర్ లేదు.”

అమ్మాయికి మా పక్క బిల్డింగ్‌లోనే బెడ్ స్పేస్, అంటే నలుగురు పంచుకునే గదిలో ఒక మంచం, చూసిపెట్టాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మాట నెమ్మది, చూపు సూటి. చేరిన మూడో రోజో నాలుగో రోజో ప్రొఫెసర్ కారిడార్లో ఎదురుపడ్డాడు. ఆ పిల్ల ఉండేది కూడా మీ వైపేనట కదమ్మా, సీటు ఖాళీగానే ఉంది, రమ్మను అన్నాడు. నేను తలూపాను. సాయంత్రం ఆ పిల్లకి చెప్పాను.

“సార్ మనవాళ్ళే. ముందు సీట్లో కూర్చో, ఇబ్బందేం ఉండదు.”

నా జీవితంలో నేను ఆడిన మాటల్లో దీన్ని వెనక్కి తీసుకోవాలని ఉంటుంది. ఎందుకన్నానో ఇన్నాళ్ళుగా వెతుక్కుంటున్నాను. వద్దు అంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్తే నా ఎనిమిది నెలలు చెప్పాలి. అదొకటి. ఆ పిల్ల ఆయన కూతురి వయసుది కాబట్టి వెధవ వేషాలు వెయ్యడని నన్ను నేను నమ్మించుకున్నాను. ఇంకా లోతుకి వెళ్తే ఇంకో సంగతి ఉంది, అది రాయడానికి సిగ్గేస్తోంది. తప్పు నాలోనే ఏదో ఉందనీ, నేనే ఎక్కడో చనువిచ్చాననీ లోపల ఒక మూల అనుకుంటూ ఉండేదాన్ని. అదే నిజమైతే ఆ పిల్లకి ఏమీ జరగదు కదా! ఆమె క్షేమంగా వెళ్ళి వస్తే నా తప్పు తేలిపోతుంది, లేకపోతే ఆయన తప్పు తేలుతుంది. తేల్చుకోవడానికి నేను పంపింది ఒకరి కూతుర్ని.

రెండు నెలల తర్వాత ఒకరోజు పొద్దున క్యాంపస్ గేటు దగ్గర ఆ పిల్ల కారు దిగడం చూశాను. గుండెలకి అదుముకుని పెద్ద ల్యాప్‌టాప్ బ్యాగు ఉంది. ఆమెకి ల్యాప్‌టాప్ లేదు, ల్యాబ్‌లో ఉన్న కంప్యూటరే వాడేది. ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకోవడానికి. చూడగానే నాకు అర్థమైంది. అర్థమై, ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పక్క దారిలో వెళ్ళిపోయాను.

వసంతకాలం సెమిస్టర్ మధ్యలో జరిగే పరీక్షలొచ్చాయి. మా దగ్గర ప్రశ్నపత్రాల గదికి రెండు తాళాలుంటాయి. ఒకటి నా దగ్గర, రెండోది ఆ రోజు డ్యూటీ పడ్డవాళ్ళ దగ్గర. ఇద్దరం కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది, ఇద్దరం ఉండగానే కవర్ల సీళ్ళు చూసుకోవాలి. ల్యాబ్ వాళ్ళకీ డ్యూటీలు పడతాయి, ఆ రోజు రెండో తాళం ఆ అమ్మాయిది. తలుపు మూసుకోగానే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. సీటు బెల్టు దగ్గర్నుంచి వరసగా చెప్పింది. నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు, ఒక్కటి తప్ప. నాకు ఎనిమిది నెలల్లో జరిగింది ఆమెకి మొదటి నెలలోనే జరిగింది. ఇప్పుడు దాన్ని దాటిపోయింది. సాయంత్రం మిగతా ఇద్దరూ దిగాక కారు వేరే దారి పట్టిస్తున్నాడు.

నేను ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాల్సింది. అదేమీ చెయ్యలేదు. రేపట్నుంచి బస్సులో రా, నాలాగా, ఏదో కారణం చెప్పు, గొడవ లేకుండా పోతుంది అన్నాను. ఆమె చేతిలో కవరు అలాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

“మీరు గూడ గందుకే దిగిన్రా మేడం?”

ఆ గదిలో కిటికీలుండవు. “సీళ్ళు చూడమ్మా, టైమవుతోంది” అన్నాను. ఆమె కవరు కింద పెట్టి సీళ్ళు చూసింది, పుస్తకంలో సంతకం పెట్టింది. ఆ తర్వాత ఆ విషయం నాతో ఎత్తలేదు.

పది రోజులకి ఆమె ఫిర్యాదు ఇచ్చిందని తెలిసింది. పోలీసుల దగ్గరికే వెళ్ళొచ్చని ఎవరో సలహా ఇచ్చారట. ఇక్కడ చట్టం గట్టిగానే ఉంది, అది అందరికీ తెలుసు. కానీ అది ఇద్దరే ఉన్న కారులో జరిగింది, ఆయనకున్న పరపతి ఆయనకుంది, ఈమె చేరి ఏడాది కూడా కాలేదు. ముందు ఆఫీసులో చెప్పి చూద్దామనుకుంది. అదీ ఎంత ధైర్యమో నాకు తెలుసు.

ఆ సాయంత్రం ప్రొఫెసర్ నాకు ఫోన్ చేశాడు. పిల్ల చిన్నది, ఏదో అపార్థం చేసుకుంది, నిన్ను కూడా పిలుస్తారేమో అన్నాడు. మీ ఆయన కొత్త ఉద్యోగం ఎలా ఉందని అడిగాడు, కాంట్రాక్టు రెన్యూ అయిందా అని కూడా అడిగాడు. చివర్లో చాలా మామూలుగా, “నేనేమిటో నీకు తెలుసు కదా చెల్లెమ్మా” అన్నాడు. తెలుసండీ అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మాట అదే.

విచారణ చేసింది హెచ్ఆర్‌లో ఒక అరబ్ మహిళ. మర్యాదస్తురాలు. పుదీనా టీ తెప్పించింది, తలుపు వేయించింది. ఆ కారులో మీరు ఎన్నాళ్ళు వెళ్ళారు, మీతో ఆయన ప్రవర్తన ఎలా ఉండేది, ఎందుకు మానేశారు అని అడిగింది. మూడో ప్రశ్న అడిగేటప్పుడు కలం పక్కన పెట్టి నా వంకే చూసింది. నేను ఒక్క మాట చెప్తే చాలు. ఆ గదిలో ఆ అమ్మాయి మాటకి తోడు నిలబడగలిగింది నేనొక్కదాన్నే, వెనక సీట్లో కూర్చునే ఇద్దరూ చూడని ఇరవై నిమిషాలు నాకు తెలుసు. ఈ అవకాశం ఆమె నాకిస్తోందని కూడా తెలుసు. కుదరని టైమింగుల వల్ల మానేశానని చెప్పాను. టైపు చేసిన కాగితం నా ముందు పెట్టింది. చదివి సంతకం పెట్టాను. చూసింది చూసినట్టు రాయమని పదేళ్ళు ఊరందరికీ చెప్పినదాన్ని.

ఆధారాలు చాలలేదని ఫైలు మూసేశారు. నెల తిరక్కుండా ల్యాబ్‌లో ఒక పోస్టు అవసరం లేదని తేలింది. అది ఆ అమ్మాయిదే. వెళ్ళిపోయేవాళ్ళు మా ఆఫీసులో అన్ని విభాగాల సంతకాలూ తెచ్చుకోవాలి, ఎక్కడా ఏమీ బాకీ లేదని. పరీక్షల విభాగం గడి దగ్గర నేను సంతకం పెట్టాలి. ఆమె కాగితం పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది. తాళంచెవి వెనక్కి ఇచ్చేసింది కాబట్టి సంతకం పెట్టాను. థాంక్యూ మేడం అని వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. సహించలేదని గొప్పగా చెప్పుకోవడం లేదు, మర్నాడు తిన్నాను.

ఆ తర్వాత వారంలో వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. ఫోన్ మోగుతుంటే ఆయన పేరు చూశాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననే అనుకున్నాను. ఆయన తిట్టలేదు. బిడ్డ అంతా చెప్పిందన్నాడు. వాడు ముదీర్, పెద్ద ఆఫీసర్ అయితేంది, ప్రొఫెసర్ అయితేంది, బద్మాష్‌గాళ్ళు అన్ని జాగల్ల ఉంటరు అన్నాడు. వేరే కంపెనీలో ఉద్యోగం చూస్తున్నాం, వీసా గడువు ఇంకా కొంచెం ఉంది అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“అందరు ఎనుకకు జరిగినా మీరు దాని దిక్కు నిలబడ్డరట గద చెల్లె. చెప్పింది. మీ మేలు మర్వ.”

నేను కాదనలేదు. “జాగ్రత్త అన్నా” అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగాడు. అప్పుడు చెప్పాను మొత్తం. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. “నేను ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడేనా?” అని అడిగాడు. అవునన్నాను. రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు.

మూడో రోజు నేను హెచ్ఆర్‌కి వెళ్ళాను. ఇంతకుముందు ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమని చెప్పాను. కాగితాలు అడిగి అక్కడే కూర్చుని నా చేత్తో మూడు పేజీలు రాశాను. సీటు బెల్టు, గేరు, హ్యాండ్‌బ్యాగు, ఎనిమిది నెలలు. ఆ అమ్మాయిని ఆ కారు ఎక్కమన్నది నేనేనని కూడా రాశాను. ఆ మహిళ చదివి కాగితాల మీద చెయ్యి ఆనించింది. ఆ రోజే ఇది చెప్పి ఉంటే అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. పైవాళ్ళకి పంపిస్తానంది.

సెమిస్టర్ అయిపోయేసరికి ప్రొఫెసర్ సొంత కారణాల వల్ల రాజీనామా చేశాడు. అలాగే ప్రకటించారు. వీడ్కోలు సభ పెట్టారు, కేకు తెచ్చారు. అందరూ సంతకాలు పెట్టే కార్డు నా బల్ల మీదకీ వచ్చింది. మీ సేవలు మరువలేనివి అని ఎవరో రాశారు. నేను సంతకం పెట్టకుండా పక్క బల్లకి జరిపాను, ఎవరూ గమనించలేదు. తెలుగువాళ్ళలో మాత్రం ఎలా పొక్కిందో పొక్కింది. ఇంతకాలం ఎక్కి తిరిగి ఇప్పుడా ఈ మాట అని అన్నారట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. ఆ మాట నాకు కష్టం కలిగించలేదంటే అబద్ధం. కానీ అందులో సగం నిజం ఉంది, దాన్ని నేనెలా తోసిపుచ్చను?

అమ్మాయికి దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోనే రంగులు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబ్ ఉద్యోగం దొరికింది. జీతం తక్కువే అయినా నాన్న క్యాంపుకి దగ్గర. ఒక ఆదివారం వెళ్ళి కలిశాను. ఫ్యాక్టరీల సందులో ఉన్న చిన్న కేఫెటేరియాలో కూర్చున్నాం. కరక్ చాయ్ ఆమే తెప్పించింది. నేను చేసింది చెప్పాను, మూడు పేజీలు రాశానని, ఆయన వెళ్ళిపోయాడని. చెప్తున్నప్పుడు లోపల ఎక్కడో ఆమె నన్ను మెచ్చుకోవాలని ఆశ ఉంది. మనిషి ఆశకి సిగ్గుండదు. ఆమె చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకుని విన్నది.

“మంచిది మేడం. ఆ కాయిదాలు ఆయన ఫైల్ల పెట్టిన్రా, నా ఫైల్లనా?”

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆమె ఫైలు మీద పోస్టు అవసరం లేదనే ఉంది. ఆయన ఫైలు మీద సొంత కారణాలని ఉంది. రేపు ఇద్దరిలో ఎవరు ఇంకో యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకున్నా, ఆయనకే సులువుగా దొరుకుతుంది. ఇదంతా ఆమె నాకు వివరించలేదు. నా తలకే ఎక్కింది, ఆ ప్రశ్న విన్నాక.

మీ నాన్నకి నేను తోడు నిలబడ్డానని ఎందుకు చెప్పావు అని అడిగాను. లారీ ఒకటి వెనక్కి వస్తూ బీప్ బీప్ అంటోంది.

“మీ కోసం చెప్పలే మేడం. ఈ దేశంల బాపుకు నమ్మకమున్నది మీ ఒక్కరి మీదనే. నౌకరి పోయిందని ఎట్లనో తట్టుకున్నడు. గా నమ్మకం గూడ పోయిందని నేనెట్ల చెప్పాలె?”

నేను క్షమించమని అడిగాను. ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. సరే మేడం అంది, అంతే. అంతలో వాళ్ళ నాన్న వచ్చాడు. ఆదివారం కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి ముఖమంతా వెలిగిపోయింది. క్యాంపులో అన్నం వండిస్తా, తిని పోవాలె అని పట్టుబట్టాడు. నేను ఆలస్యమవుతుందన్నాను. అయితే మెట్రోకి పోయే బస్సు దాకా నేనొస్త పదుండ్రి అన్నాడు. అమ్మాయి అక్కడే ఆగిపోయింది.

బస్‌స్టాప్‌లో నీడ ఉన్నంత మేర ఇద్దరం నిలబడ్డాం. ఆయన ఏవేవో చెప్తున్నాడు, మోకాళ్ళ నొప్పుల గురించి, ఫ్యాక్టరీలో కొత్త సూపర్‌వైజర్ గురించి. తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. నవ్వుతున్న పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయేమో. తన తమ్ముడి కూతురట. బీకామ్ చదివింది. దుబాయ్‌లో ఏదో కాలేజీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల దిగుతుంది.

“వాళ్ళు భయపడుతున్నరు, మా దానికి గిట్లైందని. నేనే ధైర్యం చెప్పిన. మీ నంబరిచ్చిన చెల్లె. ఎవల కారెక్కాలె, ఎవల కారెక్కద్దు, మీకెరకే గద.”

రోడ్డు చివర్న బస్సు ఇంకా కనిపించడం లేదు. ఆ అమ్మాయి తండ్రి కోసం దాచిపెట్టింది నేను బయటపెట్టొచ్చా అని ఆలోచించాను. ఆ నంబరు పట్టుకుని ఇంకో పిల్ల వస్తుంది, నన్ను అడుగుతుంది, నా మాట మీద ఎక్కడో కూర్చుంటుంది. నేను చెప్పాను. ఆయన ముఖం చూస్తూ చెప్పడం చేతకాలేదు, ఆయన చేతిలోని ఫోన్‌ని చూస్తూ చెప్పాను. మీ అమ్మాయి కంటే ముందు ఆ సీట్లో కూర్చున్నది నేనే, నాకూ జరిగింది, దిగిపోయి ఆమెకి చెప్పలేదు, విచారణలో అబద్ధం చెప్పాను, ఆమె ఉద్యోగం పోయాక నిజం రాశాను. నేను తోడు నిలబడ్డానని ఆమె మీకు చెప్పింది మీ మనసు కష్టపెట్టకూడదని.

ఫోన్ తెర ఆరిపోయింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకోలేదు, అలాగే పట్టుకుని ఉన్నాడు. తర్వాత అడిగాడు.

“ఎర్కుండే ఎక్కిచ్చిన్రా మేడం, నా బిడ్డను?”

“తెలిసే ఎక్కించాను” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. కానీ ఆడమనిషిని ఆ రోడ్డు మీద ఒంటరిగా వదిలి వెళ్ళలేదు. బస్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ నాకు రెండడుగుల దూరంలో, చేతులు కట్టుకుని, నిలబడే ఉన్నాడు.